రేకు మీద చప్పుడు

పొద్దు గూకాక స్టాంపర్ల ఇంటివాళ్ళ శ్మశానం మిట్ట మీదుగా పోవాలంటే మా కోనలో మగాళ్ళే జంకుతారు. దూరమైనా సరే, వాగు వెంబడి చుట్టు తిరిగి పోతారు. అక్కడ టెస్సీ సమాధి ఉంది. పిల్ల వానకి తడవకూడదని దాని మీద చిన్న రేకుల పందిరి వేశారు. ఆ రేకు మీద రాత్రిళ్ళు ఎవరో కొడతారు. ఠంగ్... కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — ఠంగ్...

టెస్సీ ఓజెల్లా కూతురు. ఆరేళ్ళ పిల్ల. ఒకరోజు తల పగిలిపోతోందమ్మా అని మూలిగితే, "పని ఎగ్గొట్టడానికి వేషాలా? లేచి నీళ్ళు తే!" అని కసిరింది ఓజెల్లా. పాపం, పిల్ల లేచి బకెట్టు పట్టుకుని వెళ్ళింది. ఆ రాత్రే జ్వరం ముదిరింది. వారం తిరక్కుండా మట్టిలో పెట్టారు.

అప్పట్నుంచీ ఏటా సమాధి పక్కన చామంతులు నాటేది తల్లి. మొదట్లో బతికాయి. రానురాను, నాటిన కొన్నాళ్ళకే తలలు వాల్చేసేవి. ఎరువేసింది, నీళ్ళు మోసింది, మట్టి మార్చింది. ఊహూఁ.

"నా చేతి పువ్వు దానికి అక్కర్లేదయ్యా," అనేది మొగుడు వర్జిల్‌తో. "నా మీద కోపం పోలేదు."



పదేళ్ళు దాటాయి. ఈ ఏడు ఆకురాలే రోజుల్లో ఆ చప్పుడు మొదలైంది. పక్కింటి మాడ్ నోరు ఊరుకుంటుందా? "నీ కూతురే పిలుస్తోందమ్మా. పోయి కాళ్ళు పట్టుకో," అంది.

ఆ రాత్రి ఓజెల్లా లాంతరు తీసుకుని ఒక్కతే మిట్ట ఎక్కింది. క్షమించానని ఒక్క మాట వింటే చాలు — దెయ్యం నోటి నుంచైనా సరే.

"టెస్సీ..."

పందిరి కిందికి లాంతరు చాపింది.

"తప్పయిపోయింది తల్లీ... నిన్ను నమ్మలేదు..."

ఠంగ్!

లాంతరు చేజారబోయింది. రేకు మీంచి ఏదో దొర్లుకుంటూ వచ్చి పాదాల దగ్గర ఆగింది. గుండ్రంగా... పచ్చగా... వంగి తీసింది. తొక్క వేళ్ళ కింద చితికి ఘాటు వాసన గుప్పుమంది. బుద్ధెరిగినప్పట్నుంచీ తెలిసిన వాసనే.

నల్ల అక్రోటు!

లాంతరు పైకెత్తింది. సమాధి తలాపున దానంతటదే మొలిచిన చెట్టు. లేతగా ఉన్నప్పుడు ఆ ఆకులు చూసి సుమాక్ అనే పిచ్చి పొద అనుకుని వదిలేశారు. కాపుకొచ్చింది ఈ ఏడే. ఏడుస్తూ వచ్చి ఏడుస్తూ పోయే తల్లి చెట్టునెక్కడ చూస్తుంది? ఓ రెమ్మ విరిచి గోటితో చీల్చింది. లోపల నిచ్చెన మెట్లలా అడ్డ పొరలు — అక్రోటు రెమ్మ గుర్తు. ఇక అనుమానం లేదు. ఎంత చక్కగా, ఎంత నిటారుగా ఎదిగింది! దాని వేళ్ళ విషం పాకిన చోట చామంతి బతకదని కోనంతా ఎరిగిన సంగతే.

వర్జిల్ రొప్పుతూ వచ్చాడు. "పిచ్చా ఏమే నీకు? ఏం చూశావ్?" అన్నాడు గుసగుసగా.

కాయ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, చెట్టుని చూశాడు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"చెట్టటే! అయితే పిల్లకి నీ మీద కోపం లేదే, ఓజెల్లా! ఏనాడూ లేదు!"

ఆమె నవ్వలేదు. ఉన్నచోటే కూలబడిపోయింది.

"కోపంతోనైనా ఇక్కడే ఉందనుకున్నానయ్యా," అంది. "ఇక ఎవర్ని బతిమాలుకోను?"