పొడుగు గ్లాసు, పొట్టి గ్లాసు

"ఏ గ్లాసులో నీళ్లు ఎక్కువున్నాయి రా?" అని పిన్ని అడిగింది.

"పొడుగుదాంట్లో" అన్నాడు తమ్ముడు ఠక్కున.

తలుపు వెనక నక్కిన డిటెక్టివ్ నాలుక కరుచుకుంది. ఇంట్లో అందరూ వాడి అక్కని పిలిచేది అలాగే. నాన్న ఊరికే నవ్వినా ఎందుకని ఆరా తీసే పిల్ల మరి!

ముందు రెండు పొట్టి గ్లాసుల్లో నీళ్లు సమానంగానే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పిన్ని వాడి కళ్ల ముందే పొడుగు గ్లాసులోకి వంచింది. అయినా వాడు తప్పు చెప్పాడు. పిన్ని దిద్దలేదు సరికదా, నవ్వింది.

"అక్కా, వీడికింకా రాలేదు" అంది వంటింట్లో ఉన్న అమ్మతో.

పిన్ని టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. తమ్ముడేమో వచ్చే నెల ఒకటో తరగతిలో చేరాలి. వాడు మొద్దని స్కూల్లో చెప్పేస్తుందేమో! ఆ నవ్వు చూస్తేనే అనుమానంగా ఉంది.

డిటెక్టివ్ వెంటనే తమ్ముణ్ణి డాబా మీదికి లాక్కెళ్లింది.

"పిన్ని ఏం చూపించినా సమానం అను."

"ఎందుకు?"

"ఎందుకూ గిందుకూ అడక్కు. అను."

భోజనాలయ్యాక పిన్ని మళ్లీ గ్లాసులు పెట్టింది. "సమానం" అన్నాడు వాడు. మట్టి ముద్దలు రెండు తెచ్చి, ఒకదాన్ని అప్పడంలా వత్తింది. "సమానం" అన్నాడు. పిన్నికి అనుమానం వచ్చింది. ఒక గ్లాసెత్తి అందులో సగం నీళ్లు గటగటా తాగేసింది.

"ఇప్పుడు?"

"సమానం" అన్నాడు వాడు, అక్క వైపు బిక్కుబిక్కుమని చూస్తూ. పొద్దున ఆటలా ఉన్నది వాడికిప్పుడు పరీక్ష అయిపోయింది. డిటెక్టివ్‌కి తల కొట్టేసినట్టయింది.

"నేనే చెప్పించాను. నువ్వు వీణ్ణి మొద్దంటావని."

"ఈ వయసులో చాలామంది పొడుగుదాంట్లోనే ఎక్కువంటారే. నువ్వూ అన్నావు. పొడుగు గ్లాసు ఇస్తేగాని పాలు ముట్టేదానివి కాదు."

"మరి నాకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. పోసుకుని, ఒలకబోసుకుని, నువ్వే కనిపెట్టావు."

డిటెక్టివ్‌కి నమ్మబుద్ధి కాలేదు. వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగి రూఢి చేసుకుంది.

సాయంత్రం తమ్ముడు నీళ్లున్న పొడుగు గ్లాసూ పొట్టి గ్లాసూ పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు.

"అక్కా, దీనికి ఏం చెప్పాలి?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నీకేమనిపిస్తే అది చెప్పు."

"నిజంగానా?" వాడు ఆమెని అనుమానంగా చూశాడు.

"నిజంగా."

"పొడుగుది" అన్నాడు గొణుగుతూ.

"అయితే దాన్ని ఇందులో తిరిగి పోసి చూడు" అంటూ ఇంకో పొట్టి గ్లాసు ముందు పెట్టింది.

వాడు రెండు చేతులతో వంచాడు. సగం నీళ్లు అక్క ఒళ్లో పడ్డాయి. ఆమె గ్లాసు నింపి మళ్లీ వాడి చేతికిచ్చింది.