గొడ్డలి లోయలో దోన్ గాస్పర్

తెకోలోపాన్ ఊరి బయట గొడ్డలి లోయ ఉంది. చీకటి పడితే కుక్క కూడా అటు పోదు. తల లేని ఆకారమొకటి అక్కడ తిరుగుతుందంటారు. దాని రొమ్ము తలుపుల్లా తెరుచుకుంటూ, మూసుకుంటూ... ఠక్... ఠక్... ఎవరో చెట్టు నరుకుతున్నట్టే వినిపిస్తుందట.

అలాంటి లోయలోకి ఒక రాత్రి దోన్ గాస్పర్ దిగాడు. ఆయన ఆ ఊరి దొర. తాతలనాడు ఆ ఇంటివాళ్ళు పుట్టుకతోనే గద్దె ఎక్కేవాళ్ళు. స్పెయిన్ వాళ్ళొచ్చాక పెద్దలు ఒప్పుకుంటేనే అధికారపు కర్ర చేతికొస్తోంది. తెల్లవారితే సభ. పెద్దల్లో ఒక్కరు తప్ప మిగతావాళ్ళు సగం ఆయన వైపు, సగం పోటీకొచ్చిన దాయాది వైపు. మిగిలింది లోయ అవతల ఉండే ముసలి యోధుడు ఇట్స్‌క్విన్ ఒక్కడే. ఆయన కాదంటే కర్ర పోయినట్టే.

దొరగారి వేషం చూడాలి! స్పెయిన్ వాళ్ళకి అర్జీల మీద అర్జీలు పెట్టి గుర్రానికీ, కత్తికీ అనుమతి తెచ్చుకున్నాడు. గుర్రం కొనే తాహతు లేదు. కత్తి మాత్రం నిన్ననే వచ్చింది... పొడుగు కాళ్ళవాడికి చేసిన కత్తి. ఒంటిమీద, రొమ్ముకి నిలువునా చీలికలు పెట్టి కుట్టిన పరదేశపు చొక్కా.

నాలుగడుగులు వేశాడు. ఠక్...

ఆగాడు. అదీ ఆగింది.

నడిచాడు — ఠక్... ఠక్...

"యేసు ప్రభువా..." చప్పుడు ఆగలేదు. పాత దేవుళ్ళనీ గొణిగాడు, ఎవరు పలికితే వాళ్ళే! పరుగెత్తాడు. ఠక్‌ఠక్‌ఠక్ — మడమల దగ్గరే!

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి చొక్కా చీలికలో దూరింది. గుండె దగ్గర బిగించి పట్టింది.

"దొరికావే! ముళ్ళియ్యి!"

ధైర్యం చేసి గుండె పట్టుకుంటే, ఆ దెయ్యం కిత్తనార ముళ్ళిచ్చి విడిపించుకుంటుందని అక్కడి నమ్మకం. ముల్లుకొక అదృష్టమట. ఆ గొంతు ముసలి ఇట్స్‌క్విన్‌ది.

"దెయ్యాన్ని కాదు తాతా... నేను... గాస్పర్ని!"

ఇట్స్‌క్విన్ కిందికి తడిమాడు. బండరాళ్ళకి కొట్టుకుంటూ వచ్చిన కత్తి ఒర చేతికి తగిలింది.

"ఓరినీ! ఈ ఇనపతోకేనా మోగింది? నీ చప్పుడికి నువ్వే పరుగెత్తావా?"

"అది పోనీ తాతా. రేపు సభలో కర్ర నాకే ఇమ్మనండి. ఒక్క మాట..."

"ఈ కత్తి కోసమేగా నలభైమంది కుర్రాళ్ళని స్పెయిన్ వాళ్ళ గనులకి తోలావు? నా మనవడు ఇంకా తిరిగి రాలేదు. గొడ్డలి చప్పుడు వినబడితే, ముళ్ళు దొరికితే వాడొస్తాడేమోనని దిగాను."

ముసలాయన చీలికలోంచి చెయ్యి తీసి, పంచెకి తుడుచుకున్నాడు.

"దెయ్యమొచ్చి అడిగినా ఆ మాట అనేవాణ్ణేమో, నాయనా. వచ్చింది నువ్వాయె."