పదిహేడు పలికింది

పదిహేడో ప్రెస్సు పేరెత్తితే చాలు, రాత్రి షిఫ్టులో గుండె గట్టివాళ్ళు కూడా మాట మార్చేస్తారు.

రేకులు వంచే షెడ్డు అది. వరసగా ఇరవై ప్రెస్సులు, ఒక్కోటీ ఇంటంత ఎత్తు. పదహారు దాకా జోకులేసుకుంటూ నడుస్తారు. పద్దెనిమిది దగ్గర మళ్ళీ మొదలెడతారు. మధ్యలో ఆ పది అడుగులూ మాత్రం... ఎవరి చెప్పుల చప్పుడు వాళ్ళకే వినపడుతుంది.

అక్కడ పోయింది మా వీధి పెద్దోడు.

వాడు పోయాక ఆ ప్రెస్సు మీద మనిషిని పెట్టలేదు. పాడవకుండా రాత్రిళ్ళు ఊరికే ఆడించేవాళ్ళు — పైకీ, కిందికీ. మూడు నెలల్లో మూడు సార్లు కొట్టింది. ఒకసారి ఎవరో మర్చిపోయిన బకెట్టుని కాగితంలా చేసింది. ఇంకోసారి తుడిచే కర్ర. మూడోసారి ఊడ్చే ఆమె రెండు వేళ్ళు. ఆమె అరుపు గేటు దాకా వినపడిందంట.

మూడు సార్లూ కరెంటు పోయి వచ్చిన రాత్రే.

చీకట్లో వస్తాడు, వెలుతురు రాగానే కొడతాడు... అని చెప్పుకున్నారు. ఎవరు? వాడే. ఇంకెవరు.

ఎందుకంటే ప్రెస్సు ఆగాలి. దాని ముందు లైటు కర్టెన్ ఉంటుంది — కంటికి కనపడని వెలుగు గీతలు. చెయ్యి గానీ కర్ర గానీ వాటికి అడ్డం పడిందంటే, ప్రెస్సు ఎక్కడిదక్కడ నిలిచిపోవాలి. పదేళ్ళు నిలిచింది. పెద్దోడు రోజుకి పదిసార్లు చేతులు పెట్టి ఇరుక్కున్న రేకు లాగేవాడు. అన్నం గిన్నెలో చెయ్యి పెట్టినంత నమ్మకంగా పెట్టేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం పెట్టాడు. నిలవలేదు.

మోచేతుల దాకా రెండు చేతులూ పోయాయి. నొప్పికి ముందుకి వంగాడు... రెండో దెబ్బ తల మీద పడింది.

వాడి తమ్ముడు చిన్నోడు అదే ఫ్యాక్టరీలో కేబుళ్ళ పని చేస్తాడు. అప్పుడు పన్నెండో ప్రెస్సు దగ్గరున్నాడు. పరిగెత్తుకొచ్చి ఎర్ర బటన్ గుద్దాడు. అన్నని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. చటుక్కున వచ్చేశాడంట. అంత తేలిగ్గా ఎందుకొచ్చాడో... కిందికి చూశాక తెలిసింది.

ఆ తర్వాత మెయిను ఆపి వేసి కర్టెన్ పరీక్ష చేశారు. బాగానే ఉంది. చెయ్యి పెడితే ఆగుతోంది. దాంతో షిఫ్టు సూపర్వైజరు కాగితం రాసేశాడు, కర్టెన్ కింద నుంచి దూరి చెయ్యి పెట్టాడు, తప్పు చనిపోయినవాడిదే అని. ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఎదుటివాడు ఏడుస్తున్నా మొహం చూడడు, చేతి గడియారం చూస్తాడు.

చిన్నోడు ఆ మాట మింగలేకపోయాడు. కక్కనూ లేకపోయాడు.

అప్పుడు ఒక సాయంత్రం పొట్టోడు ఇంటికొచ్చాడు. పెద్దోడి పక్క ప్రెస్సువాడు, పదేళ్ళు ఇద్దరూ ఒకే బెంచీ మీద తిన్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. రేపు పొద్దున్నుంచి తనని పదిహేడు మీద నిలబెడుతున్నారని, కాదంటే ఇంటికి పొమ్మన్నారని చెప్పాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు —

"తమ్ముడూ... అది మీ అన్నయ్యే అయితే, నన్నేం చెయ్యడు కదా?"

చిన్నోడు ఆ రాత్రే ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి పోయాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత టార్చి మొహం మీద వేశాడు. పదిహేడుకే పోతున్నాడని తెలిసి గొలుసు తియ్యడానికి చాలాసేపు తటపటాయించాడు. మీ అన్న కోపం మీదున్నాడు బాబూ, ఇవాళ వద్దు అన్నాడంట. కోపం తీరకుండా నేను మాత్రం నిద్రెట్లా పోతాను తాతా, అని వీడన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ షెడ్డులో మిషన్లన్నిటినీ ఒకే నెట్‌వర్కు కలుపుతుంది. ఒక మూల పెద్ద పెట్టె ఉంటుంది, ప్రతి ప్రెస్సుకీ ఒక చిన్న పెట్టె. పెద్ద పెట్టె బళ్ళో పంతులు లాంటిది. రెప్పపాటులో అందరి హాజరూ వేస్తుంది. పదహారూ? — ఉన్నాను, ఎవరూ అడ్డం లేరు. పదిహేడూ? — ఉన్నాను, మనిషున్నాడు. మనిషున్నాడంటే ప్రెస్సు ఆపుతుంది. అసలు పలక్కపోయినా ఆపుతుంది. ఒక్కో చిన్న పెట్టెకీ ఒక్కో నంబరు, ఇంటి నంబరు లాగా. ఒక నంబరు ఇద్దరికి ఉండకూడదు. చిన్నోడి పని ఆ నంబర్లు పెట్టడం, ఆ కేబుళ్ళు చూడటం.

షెడ్డులో ఆ వారం రాత్రి షిఫ్టు లేదు. పదిహేడు ఒక్కటే ఆడుతోంది. పైకీ... కిందికీ...

చిన్నోడు నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. హాజరంతా తెర మీద కదులుతోంది. ఒక దుంగకి గుడ్డ చుట్టి కర్టెన్‌కి అడ్డంగా పెట్టాడు. మనిషున్నాడు అంది పదిహేడు. ప్రెస్సు గాల్లో ఆగింది.

లేచి మెయిను ఆపాడు. షెడ్డంతా గుడ్డి చీకటి. పది లెక్కపెట్టి మళ్ళీ వేశాడు. దుంగ పెట్టాడు. ఆగింది.

మళ్ళీ ఆపాడు, వేశాడు. ఆగింది.

అయిదోసారి — దుంగ అక్కడే ఉంది, కర్టెన్ దీపం ఎర్రగా వెలుగుతోంది, తెర మీద పదిహేడు మాత్రం ఎవరూ లేరు అంటోంది...

ధన్‌మని దిగింది. దుంగ రెండు ముక్కలైంది. ఒక పేడు ఎగిరొచ్చి చిన్నోడి బుగ్గలో దిగబడింది. రక్తం మెడ మీదికి కారుతున్నా వాడికి తెలియలేదంట. పాకుతూ ప్రెస్సు వెనక్కి పోయి, పదిహేడో చిన్న పెట్టె నుంచి కేబుల్ పీకేశాడు.

ఇక పలకకూడదు. కేబుల్ వీడి చేతిలోనే ఉంది.

తెర వంక చూశాడు.

పదిహేడూ? — ఉన్నాను. ఎవరూ లేరు.

ప్రెస్సు మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది.

చిన్నోడి చేతిలో కేబుల్ అలాగే వేలాడుతోంది. తెర వైపు తిరిగి అన్నాడు — "అన్నా... నువ్వేనా?"

ఉన్నాను. ఎవరూ లేరు.

ఉన్నాను. ఎవరూ లేరు.

వేరే ఎవడైనా అయితే గేటు దాకా పరుగే. వీడు మాత్రం ఆ పలుకు విన్నకొద్దీ మండిపోయాడు. మా అన్న అబద్ధం చెప్పడు... అనుకున్నాడంట. దుంగ కళ్ళెదురుగా ఉంటే ఎవరూ లేరనేవాడు మా అన్న కాడు.

గోడ మీద కేబుళ్ళన్నీ కలిసే పెట్టె తెరిచాడు. అన్నీ వీడు లాగిన పచ్చ కేబుళ్ళే. వాటి మధ్య ఒకటి... బూడిద రంగుది. వీడు లాగింది కాదు. అది గోడెక్కి, కప్పు కింద దూలం వెనక్కి పోతోంది.

నిచ్చెన వేశాడు. ఎక్కాడు. టార్చి నోట్లో కరుచుకుని దూలం వెనక చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది ఏదో. ప్రాణమున్నదాని ఒళ్ళులా వెచ్చగా...

చిన్న పెట్టె. టేపుతో దూలానికి అంటించి ఉంది, దీపం మిణుకు మిణుకుమంటోంది. కేబుల్ పీకి ఇవతలికి తీశాడు. కింద ప్రెస్సు పైకి పోయి ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం.

పెట్టె మీద చీటీ ఉంది. "17 — స్పేర్".

ఆ రాత చిన్నోడిదే.

నాలుగు నెలల కింద గడియారమే అడిగాడు, పదిహేడు కర్టెన్ దుమ్ముకి మాటిమాటికీ ప్రెస్సుని ఆపేస్తోంది, ఒక పెట్టె సిద్ధం చేసి పెట్టు, పాడైతే అయిదు నిమిషాల్లో మార్చేద్దాం అని. చిన్నోడు దానికి అదే నంబరు పెట్టి, చీటీ అంటించి, స్టోరులో పెట్టాడు. ఎక్కడైనా చేసే పనే అది. కాకపోతే అసలుది బతికున్నంత కాలం స్పేరు అరలో నిద్రపోవాలి. ఇద్దర్నీ ఒకేసారి లేపకూడదు. దీన్ని లేపారు. అంతే కాదు, దాని నోట్లో ఒక వైరు ముక్క గుచ్చారు — దుమ్ముకి ప్రెస్సు ఆగకుండా, ఎప్పుడడిగినా ఎవరూ లేరు అనేటట్టు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరు ముందు లేస్తే పెద్ద పెట్టె వాళ్ళ మాటే వింటుంది. అసలుది లేస్తే ఆగుతుంది. అబద్ధాలది లేస్తే... పెద్దోడు పోయిన రోజు అన్నాల వేళ కరెంటు పోయి వచ్చింది.

చిన్నోడు నిచ్చెన మీదే తల దూలానికి కొట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు.

"దిగు. అది ఇటివ్వు."

కింద గడియారం. వాచ్‌మన్ తాత భయపడి ఫోను చేశాడంట. ఆయన చేతిలో ఇనప రాడ్డు ఉంది.

"మా అన్నని చంపావు సార్," అన్నాడు చిన్నోడు.

గడియారం అప్పుడు కూడా టైము చూసుకున్నాడు. "దాని మీద రాత ఎవరిదిరా? పొద్దున్న పోలీసులు ఎవర్ని పట్టుకుంటారు?"

చిన్నోడు కదల్లేదు. గడియారం నిచ్చెనని ఒక్క తన్ను తన్నాడు. వాడు పైనుంచి భుజం మీద పడ్డాడు, ఎముక విరిగిన చప్పుడు వాడికే వినపడింది. లేచే లోపు రాడ్డు వీపు మీద పడింది. మళ్ళీ పడింది. వాడు ఆయన కాలు పట్టి లాగి, పిక్క కొరికాడు. గడియారం బూతులు తిడుతూ రెండో చేత్తో మొహం మీద గుద్దాడు. ఆ పెనుగులాటలో పెట్టె చేతిలోంచి ఎగిరింది. గాల్లో గిరగిరా తిరుగుతూ పోయి... సరిగ్గా పదిహేడు నోట్లో, కింది అచ్చు మీద ఆగింది.

ప్రెస్సు పైన నిలిచి ఉంది. తెర మీద పదిహేడు పలకడం లేదు. అసలు పెట్టె కేబుల్ వేలాడుతోంది, స్పేరు కేబుల్ దూలం నుంచి వేలాడుతోంది. ఇక ఏదీ కదిలే వీలు లేదు. గడియారానికీ అది తెలుసు. కుంటుకుంటూ పోయి, కర్టెన్ దాటి, చెయ్యి లోపల పెట్టాడు. గడియారం ఉన్న చెయ్యి.

చిన్నోడు నేల మీద నుంచి చూస్తున్నాడు. ఎర్ర బటన్ అందేంత దూరంలో లేడు.

పైన ఏదో కిర్రుమంది.

దిగింది. గడియారం పెట్టిన కేకకి రేకులు గల్లుమన్నాయి. వేళ్ళు, అరచెయ్యి, ఆ పెట్టె... అన్నీ కలిసి నలిగాయి. మణికట్టు దగ్గరికొచ్చి —

ఆగింది.

ఇంకొక్క వెంట్రుక వాసి దిగితే చెయ్యి తెగి పడేది. దిగలేదు. లేవనూ లేదు. వాచ్‌మన్ తాత భయంతో గేటు వదల్లేదంట, తెల్లారేదాకా ఆ మనిషిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది.

పొద్దున షిఫ్టువాళ్ళంతా వచ్చారు. జాకీలు పెట్టి లేపారు. నలిగిన వేళ్ళు పెట్టెకి అతుక్కుని ఉన్నాయి, చీటీ మీద రాత మాత్రం చెక్కు చెదరలేదు. మణికట్టు మీద గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది. అది ఎవరి రాత అని పోలీసులు అడిగితే, నాదే అన్నాడు చిన్నోడు. దూలం వెనక ఎవరు పెట్టారో గడియారమే ఏడుస్తూ చెప్పేశాడు. పెద్దోడి మీద రాసిన తప్పు కొట్టేశారు. పొట్టోడు ఆగిన ప్రెస్సు ఒంటి మీద చెయ్యేసి, గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడంట.

పెద్ద ఇంజనీర్లు వచ్చారు. లోపల ఆయిలు కారిపోయింది, బరువుకి అదే కిందికి జారింది అన్నారు. జారిందే అనుకుందాం. మరి ఆగిందెందుకు?

చిన్నోడు భుజానికి కట్టుతో ఇంటికొచ్చాడు. ఆ రాత్రి హాజరు కాగితం మీద తీసుకొచ్చాడు. కేబుళ్ళు రెండూ ఊడి ఉన్న వేళ, ప్రెస్సు ఆగిన క్షణంలో, ఒకే ఒక్క వరస ఉందంట అందులో. మడత విప్పి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు.

ఇంట్లో చిన్నోడికి తప్ప ఎవరికీ చదువు రాదు. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. వేలితో తడిమింది.

"ఏముందిరా ఇందులో?"

వాడు ఆ వరస మీద వేలు పెట్టాడు.

"పదిహేడమ్మా. మనిషున్నాడు, ఆపమని ఉంది."

"దానికి ముందు? ఇక్కడేదో చిన్నగా ఉందే..."

"ఉన్నాను, అని ఉందమ్మా."