ఆంబోతు వెనక ఎర్ర జెండాలు

ఆవు పేడని చూసి ఒక మగవాడు "ఆహా!" అనడం ఎక్కడైనా విన్నామా? వినలేదు. కాబట్టి నవ్వి మర్చిపోవాలి. మరి కంచె తీగ బిగిస్తున్నప్పుడూ, నీళ్ల తొట్టి కడుగుతున్నప్పుడూ ఆ "ఆహా" చెవిలో మోగుతూనే ఉందేం? ఆర్డిస్ ఎల్‌స్టాడ్ తన మనసుని అప్పుడే పుట్టిన దూడని చూసినట్టు అనుమానంగా చూసుకుంది. ఎటు పరుగెడుతుందో దానికే తెలీదు.

ముందురోజు పొద్దున ఆమె పశువులు మేసే బీడు మధ్యలో ఒక మనిషి బోర్లా పడి కనిపించాడు. తాగి పడిపోయాడో, ప్రాణమే పోయిందో అనుకుని ఆమె ట్రక్కు దిగి వెళ్లింది.

"ఏయ్! బతికే ఉన్నావా?"

"ష్! కదలకండి. ఆహా! లోపలికి పోతోంది."

"ఏది?"

"మీ పురుగు."

"నా పురుగేమిటి?"

"మీ ఆవు వేసిన పేడలో ఉందండీ. నాదెలా అవుతుంది?"

అతను తల ఎత్తాడు. మోచేతుల దాకా పేడ. ముక్కు మీద కూడా కొంచెం. కళ్లు మాత్రం పండగ చేసుకుంటున్నాయి. పేరు బాస్టియన్ లావలీ. పేడపురుగుల మీద పరిశోధనకి సాస్కటూన్ యూనివర్సిటీ నుంచి వస్తానని ఫోన్ చేసింది ఇతనే. ఆ గొంతు విని ఎవరో ముసలి ప్రొఫెసర్ అనుకుని ఆమె సరేనంది. ఆ మాటే అతనితో అంది.

"ముసలివాడినని నేను చెప్పలేదుగా," అన్నాడు.

"కుర్రాడినని కూడా చెప్పలేదు. ముక్కు తుడుచుకో."

"ఏ వైపు?"

"రెండు వైపులా."

జూన్ అంతా వస్తూనే ఉన్నాడు. ఒక వానరోజు పశువుల కొట్టం చూరు కింద ఇద్దరూ నిలబడి ఉన్నప్పుడు అతని మాటల్లోంచి "మీరు" జారిపోయింది. ఆమె గమనించింది. గమనించనట్టు వానకేసి చూసింది.

ఆర్డిస్‌కి గర్వం ఎక్కువని ఊళ్లో అంటారు. నిజమే. చుట్టుపక్కల అందరూ గడ్డి దున్నేసి మైసూరుపప్పు, కనోలా నూనెగింజలు వేసుకున్నారు. ఎల్‌స్టాడ్‌ల బీడుకి మాత్రం నాగలి తగల్లేదు. తాత తగలనివ్వలేదు. ఆయన పోయాక ఆమె తగలనివ్వలేదు. ఆవుల వీపు మీద నట్టల మందు పోసే అలవాటు కూడా ఆ ఇంట్లో లేదు. అయితే ఇన్నాళ్లూ ఆమె గర్వపడింది కంటికి కనిపించే గడ్డిని చూసుకునే. దాని కింద ఇంకో ఊరు ఉందని ఈ పేడచేతుల మనిషి వచ్చి చెప్పాడు.

"ఈ ఎర్ర రెక్కలదాన్ని చూడు. మా ముత్తాతలు ఈ గడ్డి మీద అడవిదున్నల వెంట తిరిగినప్పుడు, దీని ముత్తాతలూ వెనకే తిరిగాయి. దున్నలు పోయాయి. మావాళ్లని తరిమేశారు. ఇది మాత్రం మీ ఆవుల్ని చూసుకుని ఇక్కడే ఉండిపోయింది."

"అయితే నీకు చుట్టం అన్నమాట."

"చుట్టమే. మీ ఇంట్లో బాగా చూసుకున్నారు. చాలా థాంక్స్."

ఇంకోసారి, బొరియ ముందు పేడ పరిచి కూర్చున్న చిన్న గుడ్లగూబని చూపించాడు. పురుగుల కోసం అది వేసిన ఎర అట.

"మా తాత దాన్ని ఒట్టి శుభ్రం తెలీని పిట్ట అనేవాడు," అంది.

"మీ తాతకి భోజనం ఇంటికే నడిచొచ్చిందా ఎప్పుడైనా?"

ఆమెకి నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుతుండగానే అతను చెప్పాడు. "నేను తిరిగిన బీళ్లన్నిట్లోకీ నీదే గొప్పది, ఆర్డిస్. ఇన్ని రకాలు ఇంకెక్కడా లేవు."

"తెలుసు," అంది ఆమె. తెలీదు. ట్రక్కు వెనక్కి వెళ్లి, ఎవరికీ కనపడకుండా ఆ మాటని ఇంకోసారి అనుకుంది.

జూలైలో ఆమె ఆంబోతు కాలు బెణికింది. పక్క పశువుల రాంచ్ యజమాని ఒరెస్ట్ ట్కాచుక్ దగ్గర్నుంచి ఇంకో ఆంబోతుని తెచ్చి ఆవుల్లోకి వదిలింది.

కొన్నాళ్లకి ఒక పొద్దున, ఊళ్లో రైతులంతా కాఫీకి చేరే హోటల్లోకి బాస్టియన్ ఒక ఎండిన పేడముద్ద పట్టుకుని వచ్చాడు. తిన్నగా ఆమె బల్ల మీద, ఆమె తింటున్న బెర్రీ పళ్ల తీపి రొట్టె పక్కన పెట్టాడు.

"పళ్లెంలా గట్టిపడిపోయింది. ఒక్క చిల్లు లేదు, ఒక్క పురుగుపిల్ల లేదు. నట్టల మందు పేడలోకి దిగితేనే ఇలా పురుగులు చస్తాయి. ఆర్డిస్, మందు పోశావా?"

ఒరెస్ట్ కప్పు దించి పకపకా నవ్వాడు. "ఏమ్మా! అయితే మహారాణిగారి పేడ కూడా మా పేడలాంటిదేనన్నమాట!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. బాస్టియన్ నవ్వలేదు. ఆమె ముఖం చూస్తున్నాడు. ఆ చూపులో ప్రశ్న ఉండటమే ఆమె భరించలేకపోయింది.

"నా బీడు, నా ఆవులు. నీకు జవాబు చెప్పాల్సిన పని నాకు లేదు," అని లేచి వచ్చేసింది.

ఇంటికి చేరేలోపే సంగతి తట్టింది. ఒరెస్ట్ ఆంబోతు! వాళ్లు తమ పశువులన్నిటికీ మందు పోస్తారు. దాన్నీ వదిలుండరు. బాస్టియన్‌కి ఒక్క ఫోను చేస్తే చాలు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది, కింద పెట్టింది. నమ్మేవాడికి చెప్పక్కర్లేదు, నమ్మనివాడికి చెప్పి లాభం లేదు. ఈ తర్కం ఎంత చక్కగా కుదిరిందంటే, అందులో ఇంకో మనిషి నిలబడటానికి చోటే లేదు. ఆ సంగతి కూడా ఆమెకి తెలుస్తూనే ఉంది.

మర్నాడు గుట్ట మీంచి బైనాక్యులర్స్‌లో చూసింది. బాస్టియన్ ఆంబోతు వెనకాలే నడుస్తున్నాడు. అది పేడ వేసిన చోటల్లా ఒక ఎర్ర జెండా గుచ్చుతున్నాడు. ఆవుల వెనక పచ్చ జెండాలు. సాక్ష్యాలు పోగేస్తున్నాడన్నమాట, అనుకుంది. ఇంతలో ఆంబోతుకి విసుగొచ్చి వెనక్కి తిరిగింది. జెండాలన్నీ గాల్లోకి విసిరేసి, అతను రాళ్లగుట్ట మీదికి ఎగబాకాడు. ఆర్డిస్ ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అలా రోజులు గడిచాయి. ఆ రోజుల్లో బీడు ఎప్పటిలాగే అందంగా ఉంది. ఆ అందాన్ని ఎవరికైనా చూపించాలనిపించడం మాత్రం కొత్త.

ఒక మధ్యాహ్నం ఆమె ట్రక్కు దగ్గర మేకులు సర్దుకుంటుంటే వచ్చాడు. చేతుల్లో రెండు పేడముద్దలు.

"ఇది ఎర్ర జెండాది. రాయి. ఇది పచ్చ జెండాది." దాన్ని వేళ్లతో విడదీశాడు. పొడిపొడిగా రాలింది. లోపలంతా తెల్లటి పిల్లపురుగులు. "ఎర్రవన్నీ ఆంబోతువే. ఒరెస్ట్‌ని అడిగాను. నీకు పంపే ముందే మందు పోశాడట. ఇవాళ కాఫీ దగ్గర అందరి ముందూ ఆ మాట చెప్పించాను."

"ఎవరు చెప్పించమన్నారు?"

"అందరి ముందూ అడిగి తప్పు చేశాను. అందరి ముందే దిద్దుకోవాలిగా." అతను ఎర్ర జెండాదాన్ని కింద పెట్టాడు. "నీకు ముందే తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగకుండా ఉండాల్సింది."

"ఆ ఆంబోతు నన్ను రాళ్లగుట్ట ఎక్కించింది, తెలుసా?"

"చూశాను. పరుగు బాగుంది."

అతను నవ్వబోయి మానేశాడు. "ఇవాళ ఆంబోతుని తీసేస్తే మా గైడ్ ఈ బీడుని పరిశోధనలో ఉంచుతానంది. లేకపోతే రేపే నన్ను పక్క రాష్ట్రం ఆల్బర్టాకి పంపేస్తుంది."

"నా ఆంబోతు కాలు నయమైంది. ఒరెస్ట్‌దాన్ని తీసేస్తాను. దొడ్డికి నేనొక్కదాన్నే తోలగలను."

"తెలుసు. నువ్వొక్కదానివే ఏదైనా చెయ్యగలవని ఈ జిల్లా అంతా చెప్పింది. నేను అడిగేది అది కాదు."

"మరి?"

"పురుగులు ఆల్బర్టాలో కూడా దొరుకుతాయి." చేతిలో మిగిలిన పొడిని జాగ్రత్తగా గడ్డి మీదికి వదిలాడు. "నువ్వు దొరకవు."

గాలి గడ్డిని ఒక వైపు దువ్వి, మళ్లీ రెండో వైపు దువ్వింది. తను ఇన్నాళ్లూ కాపాడింది గడ్డినా, గడ్డి చుట్టూ ఉన్న కంచెనా? గర్వం ఎక్కడికీ పోలేదు. గుండెలో నిటారుగానే నిలబడి ఉంది. కాకపోతే కొంచెం పక్కకి జరిగింది, అంతే.

ఆంబోతు ఉన్న చోటికి నాలుగైదు గేట్లు దాటాలి. ట్రక్కులో పక్క సీట్లో కూర్చున్నవాళ్లే దిగి గేటు తీయాలి, వెయ్యాలి. అది అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పని మర్యాద. ఆర్డిస్ మాత్రం ప్రతి గేటు దగ్గరా తనే దిగి, తీసి, ఎక్కి, దాటించి, మళ్లీ దిగి వేస్తుంది. తాత పోయినప్పట్నుంచీ ఆమె పక్క సీటు తీగచుట్టలతో, ఉప్పురాళ్లతో, ఒంటరి చేతితొడుగులతో నిండిపోయి ఉంది.

ఆమె చుట్టూ తిరిగి వెళ్లి ఆ వైపు తలుపు తెరిచింది. తీగచుట్టలు తీసి వెనక్కి విసిరింది. ఉప్పురాళ్లు దించింది. మిగిలిన దుమ్ముని, అతనికేసి చూడకుండా, చొక్కా చేత్తో మెల్లగా తుడిచింది.