కట్టంగూర్ మట్టి కింద

నల్గొండ బస్టాండ్‌లో ఆగిన బస్సు. కిటికీ పక్క సీట్లో ఇంజనీర్ కమలాకర్ నిద్రపోతున్నాడనుకున్నాడు కండక్టర్. భుజం తట్టి లేపబోతే మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మెడ వెనక సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. ఇంత శుభ్రంగా చంపేది కోబాల్ట్ ఒక్కటే. అదొక విదేశీ ముఠా.

"కట్టంగూర్ అవతల మూతపడ్డ కెమికల్ ఫ్యాక్టరీ గుర్తుందా?" అడిగాడు ఆ సాయంత్రం గూఢచారి విభాగం చీఫ్ దశరథం.

ఏజెంట్ పరమేష్‌కు గుర్తుండకపోవడమేమిటి! ఆ ఫ్యాక్టరీ కాలువ నీళ్లు తాగే అతడి తండ్రి బీరన్న మందలో సగం గొర్రెలు ఒక్క వేసవిలో చచ్చాయి.

"విషం పట్టిన ఆ నేలను బాగుచేయడానికి ఇన్నేళ్లూ ఏ శాఖా పైసా విదల్చలేదు. ఇప్పుడక్కడ బస్ టెర్మినల్ వస్తోంది. ఆ రవాణా నిధులతోనే ముందు మట్టి తవ్వి శుద్ధి చేస్తారు. తవ్వితే కోబాల్ట్ దొంగచాటుగా పూడ్చిన విదేశీ విషపు డ్రమ్ములు బయటపడతాయి. టెర్మినల్ ఇంజనీర్ కమలాకర్ మట్టి పరీక్షలో ఒక డ్రమ్ము చూశాడు. అందుకే పోయాడు."

"వాళ్ల ప్లాన్?"

"రేపు భూమిపూజ. జేసీబీ బకెట్ మట్టిలోకి దిగగానే కింద డిటొనేటర్ పేలుతుంది. దాంతో పాత ట్యాంక్ బద్దలై విషవాయువు. జనం యాక్సిడెంట్ అనుకుంటారు. ఇక ఆ నేల జోలికి ఎవడూ వెళ్లడు."

"జనాన్ని ఖాళీ చేయిద్దాం, సార్."

"గోల చేస్తే రిమోట్ నొక్కుతారు. మన శివకుమార్ పాత డ్రైనేజీ పైపులోంచి పాకివెళ్లి డిటొనేటర్ తీగ కోస్తాడు. కోశాక కోడ్ వర్డ్, 'బస్సొచ్చింది'. అప్పటిదాకా బకెట్ దిగకుండా నువ్వు ఆపాలి. ఇదంతా వాళ్ల ఫోన్లు విని పట్టాం. ముఠాలో మన మనిషి గ్రేస్. మన ప్లాన్, కోడ్ వర్డ్ ఆమెకూ తెలుసు."

పరమేష్‌కు వెంటనే తండ్రి గుర్తొచ్చాడు. భూమిపూజకు మైసమ్మ పొట్టేలు ఇస్తున్నది బీరన్నే. తవ్వే చోటు పక్కన నిలబడేదీ ఆయనే.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ జాగా నిండా జనం. పరమేష్‌కు పెద్ద మారువేషమేం అక్కర్లేకపోయింది. ఊరి లెక్కలో అతడు హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ గుమస్తా. భుజాన గొంగడి, తలపాగాలో ఇయర్‌పీస్, చేతికర్ర పిడిలో గ్యాస్ సెన్సర్. ఇంకేం, సెలవు మీద వచ్చిన కొడుకు బాపుకు సాయంగా పొట్టేలును పట్టుకున్నాడు.

అక్కడి పద్ధతి ఒకటుంది. పొట్టేలు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే మైసమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎవడూ గడ్డపార దించడు. పరమేష్ నమ్ముకున్నది దాన్నే. చెవిలో నీళ్లు పడకపోతే పొట్టేలు అంత సులువుగా విదిలించదని అతడికి చిన్నప్పటినుంచీ తెలుసు. రెండు అరచేతులతో దాని చెవులు మూసి, ముద్దు చేస్తున్నట్టు పట్టుకున్నాడు.

బీరన్న నీళ్లు పోశాడు. పొట్టేలు కదల్లేదు. మళ్లీ పోశాడు. ఊహూఁ.

ఇయర్‌పీస్‌లో శివకుమార్ ఆయాసం వినిపించింది. "పైపుల బురద వట్టింది సార్. జర ఆపుండ్రి." ఆ తర్వాత గరగరమని చప్పుడు, ఆపైన ఏమీ లేదు.

సూటు తొడుక్కున్న కాంట్రాక్టు మేనేజర్ విసుక్కున్నాడు. "ఇంకెంతసేపయ్యా? బకెట్ దించు!"

జేసీబీ డ్రైవర్ సైదులు ఇంజన్ ఆపేసి కిందికి దిగాడు. "తల్లి ఒప్పుకోనిదే నేను దించ సార్. నాకూ పిల్లలున్నరు."

పరమేష్ ఆ డ్రైవర్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాడు. అరచేతుల చెమట పొట్టేలు చెవుల్లోకి జారుతుందేమోనని మాత్రం భయం వేసింది.

అప్పుడొచ్చింది గ్రేస్. నీలి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, జనమంతా పక్కకు తప్పుకుని దారిచ్చే అందం. పొట్టేలుకు దండం పెడుతున్నట్టు వంగి, "బస్సొచ్చింది. చేతులు తీసెయ్," అంది మెల్లగా.

పరమేష్ ప్రాణం లేచొచ్చింది. చేతులు సడలించబోయి, ఆమె వైపు చూశాడు. ఆమె అప్పుడే గేటు దారి పట్టింది, వెనక్కి చూడకుండా. తీగ నిజంగా కోసేస్తే ఈ తొందర ఎందుకు? ఆ మాట ఇయర్‌పీస్‌లో శివకుమార్ నోట రాలేదేం? చెవులు ఇంకా గట్టిగా మూశాడు.

"ఏందిరా, గట్ల చెవులు వట్టుకుంటే అదెట్ల ఇదిలిస్తది?" బీరన్న కసిరాడు.

"బాపూ, జర ఆగు. నీ కాల్మొక్త."

"ఇడువ్ రా! పట్నం వోయి గొర్రెను వట్టుడు గుడ మర్శినవ్!"

అరవై దాటినా ఆ చేతుల బలం తగ్గలేదు. కొడుకు చేతుల్ని ఒక్క గుంజు గుంజి, చెంబెడు నీళ్లు నెత్తిన గుమ్మరించాడు. పొట్టేలు తలనుంచి తోకదాకా ఒళ్లంతా విదిలించింది. డప్పులు మోగాయి. సైదులు ఎగిరి సీట్లో కూర్చున్నాడు.

"ఆపన్నా!" పరమేష్ అరిచిన అరుపు డప్పుల్లో కలిసిపోయింది. అంత జనంలో పరుగెత్తిన మనిషి గ్రేస్ ఒక్కతే. చెప్పులు వదిలేసి గేటు వైపు దూసుకుపోతోంది. గేటు దగ్గర మఫ్టీలో ఉన్న మనుషులకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

బకెట్ కిందికి దిగుతోంది. దాన్నిక ఆపలేడు. పరమేష్ తండ్రిని వాటేసుకుని నేల మీద పడేసి, మీద గొంగడి కప్పి, దాని మీద తను పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

"బస్సొచ్చింది సార్!" చెవిలో శివకుమార్ కేక. "గిప్పుడే కోసిన!"

బకెట్ పళ్లు మట్టిలో దిగాయి. నల్లటి మట్టి పెళ్లగా లేచింది. కుళ్లిన వాసన వచ్చింది. అంతకుమించి ఏమీ కాలేదు. జనం చప్పట్లు కొట్టారు. గేటు దగ్గర గ్రేస్ చేతులకు బేడీలు పడ్డాయి. ఆమె చేతి సంచీలోంచి రిమోట్ తీశారు.

గొంగడి కిందినుంచి బీరన్న మొహం బయటపెట్టాడు. మీద పడి వణుకుతున్న కొడుకును ఎగాదిగా చూశాడు.

"ఏమైందిరా?"

"భయమైంది బాపూ," అన్నాడు పరమేష్. ఉద్యోగంలో చేరాక తండ్రితో అతడాడిన మొదటి నిజం అదే.

బీరన్న లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"జేసీబీ సప్పుడుకే గింత బెదిరితివి. ఇంకా నయం, నిన్ను పోలీసుల చేర్పియ్యలే."