స్టెప్నీ లేని కారు

"కారు ఆపాలండీ," అన్నారు చీఫ్ బాలాత్రిపురసుందరి గారు, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "ముందు కారు. మనిషి సంగతి తరవాత."

ఏలూరు పవర్‌పేటలో రొయ్యల మేత కంపెనీ బోర్డు తగిలించుకున్న ఆ మేడ నిజానికి ఇంటెలిజెన్స్ సౌత్ డెస్క్. బోర్డు నమ్మి మేత కొనడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. స్టాక్ లేదని మర్యాదగా చెప్పి పంపించేస్తారు. చీఫ్ గారి గొంతు ఎప్పుడూ పేరంటానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. ఆ గొంతుతో ఆవిడ పంపించిన వాళ్ళల్లో కొందరు తిరిగి రాలేదు.

ఏజెంట్ వీరేంద్ర నిలబడే ఉన్నాడు. గోడ మీది స్క్రీన్ వెలిగింది. ఎర్రటి టూ-సీటర్ స్పోర్ట్స్ కారు. స్టీరింగ్ వెనక నల్ల కళ్ళద్దాలు, మెడలో సిల్కు స్కార్ఫ్.

ఇందుజ.

అతను తనకి తెలియకుండానే స్క్రీన్ వైపు ఒక అడుగు వేశాడు.

"విదేశీ గూఢచారి విక్టర్ రింగ్‌లో మనం నాటిన మనిషి," అన్నారు చీఫ్. "వాళ్ళు తమ కొరియర్ అనుకుంటున్నారు. రేపు పొద్దున్న తాడేపల్లిగూడెం లాడ్జిలో ఆవిడ చేతికి ఒక పెన్ డ్రైవ్ వస్తుంది. తూర్పు తీరం రాడార్ కోడ్స్ అండీ అందులో. కొల్లేటికోట దగ్గర గెస్ట్‌హౌస్‌లో విక్టర్ ఎదురుచూస్తుంటాడు. అది అతని మెషీన్‌లో పడిందంటే మన తీరం గుడ్డిదైపోతుంది."

"ఇందుజ దాన్ని మనకే తెస్తుంది కదండీ."

"తేదుట. ఆవిడ కబుర్లన్నీ మనకి అందించేది దేవరాజు గారే కదా. ఆవిడ అమ్ముడుపోయిందని ఇవాళ రిపోర్ట్ ఇచ్చారు."

ఏడుపో, కోపమో, ఏదో వీరేంద్ర ఛాతీలో అడ్డం తిరిగింది. ఈ మిషన్ అయ్యాక పెళ్ళి చేసుకుందామనుకున్నారు వాళ్ళిద్దరూ. ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌కి చెప్పలేదు. డిపార్ట్‌మెంట్‌కి తెలియదని అనుకునేంత అమాయకుడు మాత్రం కాదు.

"గూడెంలోనే పట్టుకుంటే విక్టర్ జారిపోతాడు," చీఫ్ కొనసాగించారు. "కైకలూరు దాటి చెరువుగట్ల రోడ్డెక్కాక కారు ఆగిపోవాలి. డ్రైవ్ కోసం విక్టర్ బయటికొస్తాడు. మన టీమ్ ఇద్దర్నీ పట్టుకుంటుంది. ఆ కారుకి స్టెప్నీ లేదుట కదండీ?"

"లేదండీ. ఆ మోడల్‌కి పెట్టే చోటే ఉండదు. కానీ పంక్చరైతే తనే బాగు చేసుకోగలదు."

"నేర్పింది మీరే కదా. అందుకే మిమ్మల్ని పంపిస్తున్నా."

అది నిజం. కారు వచ్చిన మొదటి ఆదివారం తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద అతనే ఆమెకి పాఠం చెప్పాడు. స్టెప్నీ లేని కారు తోలేవాళ్ళు ముందే సిద్ధపడి ఉండాలి ఇందూ, అన్నాడు. బయల్దేరే ముందు నాలుగు టైర్లలో గాలి చూసుకో. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే పది అడుగులు కూడా లాగకు, రిమ్ము పోతుంది. మేకు దిగితే చిల్లు పూడ్చే సీలెంట్ డబ్బా బిగించి మందు ఎక్కించు, కంప్రెసర్‌తో గాలి పట్టు, మెల్లిగా టైర్ల షాపు దాకా వెళ్ళు. డబ్బాకి ఎక్స్‌పైరీ డేటుంటుంది, మర్చిపోకు. టైరు పక్కభాగం చీలిందా, ఇక ఏ మందూ పనిచేయదు. దిగి నడువు.

ఆమె పాత టైరుకి మేకు కొట్టి, పీకి, తనే అతుకు వేసింది. మోచేతుల దాకా నలుపు. "ఏవండీ, పెళ్ళిచూపుల్లో పాటొచ్చా అని అడిగితే పంక్చర్ వేయడం వచ్చని చెప్తాను," అంది. అప్పుడప్పుడు అలా సరదాకి 'ఏవండీ' అని పిలిచేది. పిలిచినప్పుడల్లా అతనికి ఆ రోజు మరి పని సాగేది కాదు.

మర్నాడు పొద్దున్న తాడేపల్లిగూడెం లాడ్జి పార్కింగ్‌లో ఒక మేత వ్యాను ఆగి ఉంది. నెరిసిన పెట్టుడు మీసం, ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. అద్దంలో చూసుకుంటే వీరేంద్రకి తన చిన్నాన్న గుర్తొచ్చాడు.

కారు డిక్కీ తాళానికి అతని దగ్గర మాస్టర్ కీ ఉంది. తను సర్దిన సరంజామా తను సర్దినట్టే ఉంది. సీలెంట్ డబ్బా, కంప్రెసర్, గ్లవ్స్, టార్చి. గ్లవ్స్ ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టింది. ఆ మడత చూసి చెయ్యి ఆగిపోయింది. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు. నో కాంటాక్ట్ అని ఆర్డర్. ఆర్డర్ మీద నెపం పెట్టి అతను అడగలేదు. అసలు సంగతి, జవాబు వినడానికి భయపడ్డాడు.

మందు కాలవలో ఒంపేశాడు. కంప్రెసర్ ఫ్యూజు పీకేశాడు. వెనక ఎడమ చక్రం పక్కన గొంతుక్కూర్చుని వాల్వ్ పిన్ను కాస్త వదులు చేశాడు. గాలి కైకలూరు దాటేదాకా ఉంటుంది, ఆ తరవాత ఉండదు.

లేవబోతుండగా మెట్ల మీద హై హీల్స్ చప్పుడు. ఇందుజ. చేతిలో చిన్న సూట్‌కేసు. పక్క నుంచి వెళ్తూ, అతని వైపు చూడకుండా, మెల్లిగా అడిగింది.

"గాలి చూశారాండీ?"

పోల్చుకుంది. వీరేంద్ర తల దించుకునే ఉన్నాడు.

"చూశానమ్మా."

"అయితే నేను చూడక్కర్లేదు."

డోరు వేసుకుని వెళ్ళిపోయింది. వెక్కిరించి వెళ్ళిందనుకున్నాడు వీరేంద్ర. ఎంత చదువుకున్న బుర్రయినా ఒకసారి అనుమానం పట్టాక అన్నిటినీ ఆ వైపుకే లాక్కుంటుంది. ఫోన్ తీసి చీఫ్‌కి కోడ్ మెసేజ్ పంపాడు. "మేత దిగింది."

పెంటపాడు చేలు వెనకపడ్డాయి. ఆకివీడు దాటింది. వ్యాను డాష్‌బోర్డులో ట్రాకర్ మీద ఎర్ర చుక్క నదురుబెదురు లేకుండా పోతోంది. కైకలూరులో ఐసు లారీల మధ్య ఇరుక్కుని బయటపడేసరికి ఆ చుక్క గట్టు రోడ్డు మీద ఆగిపోయింది. అనుకున్నట్టే జరిగింది.

అప్పుడే ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. మొదటిసారి ఆ గొంతులో పేరంటం లేదు.

"వీరేంద్ర గారూ, పొరపాటు జరిగిపోయిందండీ. అమ్ముడుపోయింది దేవరాజు. అతని సొరుగులో రెండో ఫోన్ దొరికింది. ఇందుజ నిన్న పంపిన కబురు మనదాకా రానివ్వలేదు. 'డ్రైవ్ తెస్తున్నాను, గట్టు దగ్గర బోటు ఉంచండి' అని పంపిందండీ ఆ పిల్ల. ఆవిడ మన మనిషని దేవరాజు విక్టర్‌కి చెప్పేశాడు. ఆ విక్టర్ బయల్దేరాడు."

"టీమ్ ఎక్కడుందండీ?"

"దేవరాజు మాట నమ్మి గుడివాడ రోడ్డులో పెట్టాను. చాలా దూరం. మీరొక్కరే ఉన్నారు."

వీరేంద్ర యాక్సిలరేటర్ నేలకి తొక్కాడు.

గట్టుకి రెండు వైపులా చేపల చెరువులు. మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ఎర్ర కారు వెనక ఎడమ వైపుకి కుంగిపోయి ఉంది. ఇందుజ హీల్స్ విప్పేసి, గ్లవ్స్ తొడుక్కుని, చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. సీలెంట్ డబ్బా ఊపింది. చప్పుడు లేదు. మళ్ళీ ఊపింది.

అతను వ్యాను దిగి మీసం పీకి పారేశాడు.

"ఇందూ, దేవరాజు అబద్ధం చెప్పాడు. విక్టర్ వస్తున్నాడు. వ్యానెక్కు."

వెనక్కి తిరిగి చూస్తే వ్యాను వెనకే చేపల లారీ వచ్చి ఆగి, ఐసు పెట్టెలు దించుతోంది. పక్క చెరువులో ఇవాళ పట్టుబడి, చేపలు పట్టే రోజు. దారి లేదు.

ఇందుజ కదల్లేదు. "డబ్బా మీరే ఖాళీ చేశారా?"

"అవును."

"కంప్రెసర్ కూడానా?"

"అవును."

"నన్ను అడిగితే చెప్పేదాన్ని కదండీ."

అంతే అంది. తిట్టినా బావుండేది. గట్టు చివర తెల్ల ఎస్‌యూవీ దుమ్ము లేపుకుంటూ వస్తోంది.

ఇందుజ లేచి చుట్టూ చూసింది. కొల్లేటి చెరువుల వాళ్ళు రాత్రిపూట దొంగలు వలలు లాగకుండా నీళ్ళలో తుమ్మకంప వేసి ఉంచుతారు. వల వేస్తే చిరిగి పేలికలవుతుంది. పట్టుబడి రోజున ఆ కంపంతా పీకి గట్టు మీద పోగేస్తారు. కారుకి అవతల అలాంటి పోగులు, పక్కన చెరువులోంచి లాగి పడేసిన గుర్రపుడెక్క.

"కంప దారికి అడ్డంగా పరిచి పైన డెక్క కప్పాలి," అందామె.

పట్టుబడి మేస్త్రి నాగమణి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగున వచ్చింది. "ఏవండీ, మా లారీ ఎలా వెళ్తుందండీ అక్కడ పరిస్తే?"

"ఆ వచ్చేవాడి దగ్గర తుపాకీ ఉందండీ," అంది ఇందుజ. "అందరం పోతాం."

నాగమణి ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగింది. "బంగార్రాజూ, పనాపి రండ్రా. కంప లాగండి."

పదిమంది చేతులు పడ్డాయి. కంప పలచగా పరుచుకుంది, మీద పచ్చగా డెక్క. ముళ్ళు గ్లవ్స్‌లోంచి దిగి ఇందుజ అరచేతులు నెత్తురోడుతున్నాయి. వీరేంద్ర చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి తీసుకుంది.

కొల్లేట్లో గుర్రపుడెక్క చూసి బ్రేకు వేసేవాడు ఉండడు. విక్టర్ డ్రైవరు కూడా వేయలేదు. నాలుగు టైర్లూ ఒకదాని వెనక ఒకటి బుస్సుమన్నాయి. బండి అటూ ఇటూ ఊగి ఆగింది. వెనక తలుపుకి స్టెప్నీ దర్జాగా వేలాడుతోంది. ఒక్కటే.

విక్టర్ దిగాడు. పిస్టల్ ఇందుజ గుండెకి గురిపెట్టి, పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో, "దయచేసి డ్రైవ్ ఇవ్వండి," అన్నాడు.

వీరేంద్ర ఆమెకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆ క్షణంలో చచ్చిపోతే బావుండునని మనస్ఫూర్తిగా అనుకున్నాడు. ఆ అదృష్టం అతనికి పట్టలేదు. విక్టర్ వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటుండగా పక్క గట్టు మీంచి బంగార్రాజు విసురువల గిర్రున తిరుగుతూ వచ్చి అతని మీద పడింది. తూటా నీళ్ళలోకి పోయింది. ఆపైన విక్టర్ ఎంత తన్నుకుంటే అంత చుట్టుకున్నాడు. డ్రైవరు కంప మీదుగా పారిపోబోయి రెండడుగుల్లోనే కూలబడి కేకలు పెట్టాడు.

టీమ్ వచ్చేసరికి ఎండెక్కింది. ఇందుజ డ్రైవ్ తీసి వీరేంద్ర చేతిలో పెట్టింది. నాగమణి ఆమె అరచేతులకి తడిగుడ్డ కట్టింది.

"ఇందూ, వ్యాన్‌లో దింపుతాను," అన్నాడతను.

"వద్దు వీరేంద్ర గారూ."

'ఏవండీ' పోయింది. అతనికి అది తూటా కంటే లోతుగా దిగింది.

"నన్ను అనుమానించమని ఆర్డర్ వచ్చింది. నాకు తెలుసు, అది మన ఉద్యోగం," అందామె. "కానీ పొద్దున్న మీరు చక్రం దగ్గర కూర్చుంటే నేను చూసుకోలేదు. మీరున్నారు కదా అని. ఇక మీతో ఎక్కడికి బయల్దేరినా ముందు నేనే దిగి నాలుగు టైర్లూ చూసుకుంటాను. అలా కాపరం చేయలేను."

"ఒక్కసారి క్షమించలేవా?"

"క్షమించేశాను. నమ్మడమే రావట్లేదు."

చేపల లారీ ముందు సీట్లో నాగమణి కాస్త జరిగి చోటిచ్చింది. ఇందుజ వట్టి కాళ్ళతో ఎక్కి కూర్చుంది. లారీ రివర్సులో వెనక్కి వెళ్ళి గట్టు దిగి మలుపు తిరిగింది. ఐసు నీళ్ళు రోడ్డు పొడుగునా కారాయి. అవి ఆరిపోయేదాకా వీరేంద్ర అక్కడే నిలబడ్డాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు మళ్ళీ పేరంటపు మెత్తదనంతో పలికింది. "శభాష్ అండీ. డ్రైవ్ దొరికింది, విక్టర్ దొరికాడు. ఢిల్లీకి రిపోర్ట్ పంపాలి. మన వైపు నష్టం ఏమైనా ఉందాండీ?"

వీరేంద్ర కుంగిన కారు వైపు చూశాడు.

"ఒక టైరండీ," అన్నాడు.