పరాయి బండికి పసుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి పనిలేక వల బాగుచేస్తున్న నాన్న, పొద్దున్నించి నాలుగుసార్లు ఇల్లు ఊడ్చిన అమ్మ, నానమ్మ, సంబంధం తెచ్చిన గోవిందు మావ, చీర కట్టుకోమంటే చుడీదారే వేసుకున్న మా అక్క నీలవేణి, నేను. నన్నెవరూ లెక్కపెట్టరు గానీ నేనూ ఉన్నాను. నా పేరు కుసుమ. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. అందుకే డైరీ రాస్తాను.

అక్కకి ఇరవై నాలుగేళ్లు. కాశీబుగ్గలో జీడిపప్పు మిల్లు వ్యాను నడుపుతుంది. ఉద్దానం ఊళ్లన్నీ తిరిగి జీడిపిక్కల బస్తాలు మిల్లుకి చేరుస్తుంది. ఇప్పటికి మూడు సంబంధాలు వచ్చాయి. ముగ్గురికీ అక్క నచ్చింది, వ్యాను నచ్చలేదు. “పెళ్లయ్యాక మానిపించండి” అన్నారు, అదేదో బలపాలు తినే అలవాటైనట్టు! ముగ్గురినీ అక్క కాదంది. నాలుగోవాడు కూడా ఆ మాటే అంటే ఇంక పెళ్లి ఊసెత్తొద్దని చెప్పేసింది.

ఆ నాలుగోవాడే ఆ రోజు వచ్చేది. పేరు ధనరాజు. ఊరు హరిశ్చంద్రపురం. టెక్కలిలో మోటార్లు బాగుచేసే షాపుంది. ముందు తనొక్కడూ చూసి వెళ్తాడట, తరువాత వాళ్లమ్మ వస్తుందట.

పదకొండు గంటలకి వీధి చివర పెద్ద చప్పుడైంది. నాన్న వల మీంచి తలెత్తాడు.

“ఎవడిదిరా ఆ బోటు? ఇంజను పోయినట్టుంది.”

బోటు కాదు, కారు. తెల్లటి స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు. మా అరుగు కంటే పొట్టిగా ఉంది. ఇసుకలో ఈదుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అందులోంచి ధనరాజు దిగలేదు, పైకి లేచాడు, నూతిలోంచి వచ్చినట్టు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఇంజను మాత్రం ఆపలేదు.

“కారు కొన్నావేటి బాబూ?” అన్నాడు నాన్న.

“అదీ... కొత్తగా...” అన్నాడు ధనరాజు. గోవిందు మావ వెనకనించి అందుకున్నాడు. “కొత్తగా వచ్చింది బావా! సూడు, ఎలాగుందో!”

ఆ ‘కొత్తగా’ అన్న మాట నానమ్మ చెవిలో పడింది. అంతే. మా గుమ్మం ముందుకి కొత్త బండి వస్తే, అది పడవైనా సైకిలైనా, నానమ్మ చేతి పసుపు పడాల్సిందే. పడవకి ముక్కు మీద రాస్తుంది. కారుకి ముక్కెక్కడో తెలియక ముందుభాగమంతా, అద్దం అంచుదాకా రాసేసింది. తెల్ల కారు మీద ఈ చివర్నించి ఆ చివరికి పచ్చటి చేతిముద్రలు. టైరు కింద కొబ్బరికాయ కొట్టింది.

“వద్దు నానమ్మా, వద్దు” అంటూ ధనరాజు చుట్టూ తిరుగుతున్నాడు.

“సిగ్గు పడకు బాబూ, మనింటి బండే కదా” అని నానమ్మ లోపలికి వంగి స్టీరింగుకి బొట్టు పెట్టింది. సరిగ్గా అప్పుడే కారుకి కలిపి ఉన్న ధనరాజు ఫోను మోగింది. నానమ్మ వేలు స్టీరింగు మీది మీట మీద పడింది.

కారులోంచి ఒక గొంతు వీధి మొత్తానికీ వినిపించింది.

“హలో, తమ్ముడూ! పాత కార్ల యార్డు నుంచి సునీల్‌ని. అరగంట టెస్ట్ డ్రైవ్ అని పట్టుకెల్లినావు, రెండున్నర గంటలైనాది! బండి కొంతావా, కొనవా? వేరే పార్టీ వచ్చి కూకున్నాడు!”

ఎదురింటి మేక కూడా నమలడం మానేసింది.

నాన్న వల కింద పెట్టాడు. “ఈ బండి నీది కాదా?”

ధనరాజు తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మూడు సంబంధాలవాళ్లు కనీసం వాళ్ల సొంత బళ్ల మీద వచ్చి మరీ అక్కని అవమానించారు!

నానమ్మ కోపం వేరు. “నా పసుపు! నా కొబ్బరికాయ! ఊరూ పేరూ తెలీని బండికి సేసీసినానేటే!”

“తాళం ఇటియ్యి” అంది అక్క. ఆ రోజు అతనితో అక్క అన్న మొదటి మాట అదే. “ఇంజను ఆగనే లేదక్కా, తాళం దానికే ఉంది” అని చెప్పాలనుకున్నాను గానీ నోరు రాలేదు.

“నేనే పట్టుకెళ్లి యార్డులో ఇచ్చేస్తాను. నువ్వు పక్కన కూకో. నువ్వు నడిపితే క్లచ్ కాలిపోద్ది. ఆ వాసన వీధి చివర్నించే వచ్చింది.”

“ఒక్కదానివి ఎల్తావేటే?” అంది అమ్మ. “కుసుమని తీసుకెల్లు. కుసుమా, ఎక్కడికెల్లినా ఎనకాలే ఉండు.”

వెనక సీటు ఉందన్నమాటే గానీ, అందులో బాతుపిల్ల కూర్చుంటే సరిపోతుంది. ముందు సీటు మడిచి నన్ను లోపలికి తోశారు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. పైకప్పు నెత్తికి తగిలింది. ఇలాంటి కారు కోసం మనుషులు కలలు కంటారట! బయటికి చూస్తే కోళ్లు నాకంటే ఎత్తుగా కనిపించాయి. రోడ్డు పక్కన ఆరబోసిన కవ్వళ్ల చేపలు నా ముక్కు దగ్గరే ఉన్నట్టున్నాయి. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు కడుపు గీరుకుంది. గీరుకున్నప్పుడల్లా ధనరాజు “అబ్బా” అన్నాడు, తన కడుపే అయినట్టు.

అక్క మాత్రం రోగిని చూసే డాక్టరులా నడుపుతోంది.

“రెండో గేరు పడతం లేదు. స్టీరింగు ఎడమకి లాగతంది. కుసుమా, కాళ్ల కింద పట్టా ఎత్తి సూడు.”

ఎత్తాను. కింద ఎర్రటి తుప్పు, ఎండిన మట్టి.

“నీట మునిగిన బండి. పైన రంగేశారు” అంది అక్క. “ఎవరు కొనమన్నారు నిన్ను?”

“నేను కొనడానికి తేలేదండి.”

“మరి?”

“మీరు వ్యాను నడిపే పిల్ల, మోపెడ్ మీద ఎల్తే నవ్వుద్ది అన్నాడు మీ గోవిందు మావ. నాకున్నది మోపెడే.”

జీడితోటల మధ్య రోడ్డు తిన్నగా ఉంది. మూడో గేరు వేసింది. నిజం చెప్పాలి: అప్పుడు మాత్రం కారు పాలమీద మీగడలా సాగింది. కిటికీలోంచి సముద్రపు గాలి, జీడిపళ్ల వాసన కలిసి వచ్చాయి. అక్క పెదవి చివర నవ్వు కనిపించి మాయమైంది. అది ధనరాజు కూడా చూశాడు. చూసినట్టు నేను చూశాను. నాకు ఇంకా కోపం వచ్చింది.

“మార్చిలో మీ మిల్లు మోటారు కాలిపోతే బాగుచేసింది నేనేనండి” అన్నాడు. “మీరు వ్యాను రివర్స్ తీస్తా, ‘ఓయ్, తప్పుకో’ అన్నారు నన్ను.”

“నాకు గుర్తు లేదు.”

“నాకుంది. గోడకీ వ్యానుకీ మధ్యన బెత్తెడు ఖాళీ. ఒక్కసారికే తీసీసినారు. ఆ రోజే మా అమ్మకి సెప్పాను.”

అక్క చెవి కొస ఎర్రబడింది. గొంతు మాత్రం మారలేదు.

“నీకు ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ వ్యాను మానమన్నారు. నువ్వేటంటావు?”

“మా అమ్మ...”

అక్క బ్రేకు వేసింది. “నేనడిగింది మీ అమ్మని కాదు.”

ఆ క్షణానే వాన మొదలైంది. మే నెల వాన, పెద్ద పెద్ద చినుకులు. అక్క వైపర్ వేసింది. నానమ్మ పసుపంతా అద్దం మీదకి పాకింది. లోకమంతా పచ్చగా, పచ్చ లోకంలో మేం ముగ్గురం. ధనరాజు నోరు తెరవడం, మూయడం. ఒకసారి. రెండుసార్లు.

నాకేమైందో తెలియదు. వెనక సీట్లోంచి అరిచాను.

“సెప్పండి! అబద్ధమాడ్డానికి ఇంత పెద్ద కారేసుకొచ్చారు! నిజం సెప్పడానికి నోరు రాదేటి? మా అక్క ఏం తప్పు చేసిందని అందరూ ఆ వ్యాను మీద పడతారు?”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. కొత్తవాళ్ల ముందు నేను మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

ధనరాజు అక్కవైపు తిరిగాడు. తరువాత, “బండి ఎనక్కి తిప్పండి” అన్నాడు. “మీ నాన్న ముందర సెప్పాల్సిన మాట ఇది.”

మళ్లీ సునీల్ ఫోను. ఈసారి అక్కే మీట నొక్కింది. “అన్నా, బండి గంటలో వస్తాది. ఈలోగా ఆ పార్టీకి నీట మునిగిన సంగతి సెప్పు. లేదంటే నేనొచ్చి సెప్తాను.” అవతల టక్కున ఫోను పెట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి వాన తగ్గింది. నాన్న గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మళ్లీ ఎందుకొచ్చినావు?”

ధనరాజు అరుగెక్కాడు. ఫోను తీసి, స్పీకర్ పెట్టి, అరుగు మీద అందరి మధ్యా పెట్టాడు.

“అమ్మా, నేను. ఆ పిల్ల వ్యాను మానదు. నేను మానమనను.”

“నిన్న నాతో ‘మానిపించెత్తాన్లే’ అన్నావు కదరా!”

“నిన్న నీకు అబద్ధం సెప్పాను. ఈరోజు ఈల్లకి కారు నాదని అబద్ధం ఆడాను. ఇది మాత్రం నిజం. ఆ పిల్లని సూసిందే వ్యానులో. వ్యాను మానితే నేను సూసిన పిల్లెక్కడిది?”

మా నాన్న చేతుల కట్టు విడిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పిల్ల బాగా తోల్తాదేటి?” అంది వాళ్లమ్మ.

“బాగా తోల్తాది.”

“నీలాగ గోతుల్లో దింపదు కదా?”

“దింపదే అమ్మా!”

“అయితే నెల నెలా నన్ను పలాస ఆస్పత్రికి దింపి తేవడానికి ఒక బండి కావాల మరి! నీ మోపెడ్ మీద నా నడుం ఇరిగిపోతంది. అడుగు, దింపుద్దేమో.”

నానమ్మ ఫోను దగ్గరికి వంగి గట్టిగా అంది, “దింపుద్దమ్మా, దింపుద్ది! మా పసుపు వేస్టవ్వకుండా సూసుకో!” గోవిందు మావ పక్కింటివైపు జారుకుంటుంటే నాన్న కేకేశాడు, “నువ్వెక్కడికిరా? సిగ్గు నేదేటి, మోపెడ్డోడికి కారు తగిలించినావు! ఉండు, నీ పని తరవాత.” అంటున్నాడే గానీ నాన్న నవ్వుతున్నాడు.

అందరూ అక్కవైపు చూశారు. అక్క ఎవరివైపూ చూడలేదు. తడిసిన జడ ముందుకి వేసుకుని, “ఒక మాట. లోపలికి రా” అంది ధనరాజుతో.

ఆ ‘రా’ నాకు కొత్తగా వినిపించింది. పొద్దున్న ‘తాళం ఇటియ్యి’ అన్న గొంతు కాదది.

ధనరాజు చెప్పులు విప్పి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లకూడదు? ఎక్కడికెళ్లినా వెనకాలే ఉండమని అమ్మ చెప్పింది. ఆ బాతుపిల్ల సీట్లో నడుం విరగ్గొట్టుకున్నది నేను. అందరి తరఫునా అరిచింది నేను. వాళ్లేం చెప్పుకుంటారో వినే హక్కు ఈ ఇంట్లో నాకు కాకపోతే ఎవరికుంది?

“అక్కా, నేను...”

“తెలుసే” అంది అక్క. నా బుగ్గ మీద ఒక్కసారి చెయ్యి వేసి, అదే చేత్తో నా మొహం మీదే తలుపేసేసింది.